కుంట తవ్వే ముందు టైమ్ లెక్క చూసుకోండి: లేఅవుట్ వాన నీటిని ఎంత ఆపాలి, ఎప్పుడు వదలాలి

"మా లేఅవుట్ 20 ఎకరాలు. వాన నీళ్లు ఆపడానికి కుంట ఎంత సైజులో తవ్వాలి?" ప్రతి ఏడూ తొలకరికి ముందు ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్లలో బిల్డర్లున్నారు, కాలనీ సంఘాల వాళ్లున్నారు, కొత్తగా డ్యూటీలో చేరిన సివిల్ ఇంజినీర్లున్నారు. వాళ్లందరినీ నేను ముందు తిరిగి అడిగేది ఒకటే. మీ నీళ్లు కింది కల్వర్టుకు ఎన్ని నిమిషాల్లో చేరతాయి? పై నుంచి వచ్చే నాలా నీళ్లు అదే కల్వర్టుకు ఎన్ని నిమిషాల్లో చేరతాయి? ఈ రెండూ తెలియకుండా కుంట సైజు చెప్పకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట హైదరాబాద్ శివారులో ఒక లేఅవుట్‌కు నేనే కుంట డిజైన్ చేశాను. కట్టకముందు ఆ నేల నుంచి ఎంత నీరు పారేదో అంతకు మించి బయటికి పోకుండా చూశాను. లెక్క ప్రకారం తప్పేమీ లేదు. మరుసటి వానాకాలం కింది బస్తీలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అక్కడ కిరాణా కొట్టు నడిపే పెద్దాయన గోడ మీద మడ్డి గీత చూపించి ఒక మాటన్నాడు: "ఇంతకుముందు మీ నీళ్లు ముందు పోయేవి సారూ, పై నీళ్లు తర్వాత వచ్చేవి. ఇప్పుడు రెండూ ఒక్కసారే వస్తున్నాయి." ఆ గీత గడప కంటే నాలుగు వేళ్లు పైన ఉంది. నీటిని ఆపడం వల్లే దాన్ని తీసుకెళ్లి పై వరదతో కలిపానని ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి ముందు టైమ్ లెక్క వేసి, ఆ తర్వాతే సైజు జోలికి వెళ్తున్నాను.

ఇక్కడ వాడే మాట ఒకటి ముందే చెప్పుకుందాం. నాలాలో నీరు మెల్లగా పెరిగి, ఒక గరిష్ఠానికి చేరి, తగ్గుతుంది. ఆ గరిష్ఠాన్ని పోటు అంటాను. థియరీ ఇంతే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ కానీ, ఇస్రో వారి భువన్ మ్యాప్ కానీ. లేఅవుట్ కాంటూర్ సర్వే (నేల ఎత్తుపల్లాలను గీతల్లో చూపేది), అర మీటరు తేడాతో ఉంటే మేలు. మీ నీళ్లు కలిసే నాలా కింది చెరువు దాకా ఎలా పోతుందో చూపే గీత, మధ్యలో ఉన్న కల్వర్టుల కొలతలు. మీ దగ్గరి ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో నమోదైన వాన లెక్క. తెలంగాణలో అయితే రాష్ట్ర ప్రణాళికా సంస్థ కేంద్రాలు చాలా మండలాల్లో ఉన్నాయి. రోజు మొత్తం వాన ఎంతో తెలిస్తే చాలదు, 15 నిమిషాలకో గంటకో విడగొట్టిన లెక్క కావాలి. వీటితోపాటు టేపు, సుద్దముక్క, ఫోను, ఎక్సెల్. సాఫ్ట్‌వేర్ వాడాలనుకుంటే హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్, ఎస్‌డబ్ల్యూఎంఎం రెండూ ఉచితమే. అయితే మొదటిసారి ఎక్సెల్‌లోనే చేయండి, చేత్తో వేస్తేనే ఎక్కడేం జరుగుతుందో తెలుస్తుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖకు చెందిన సీపీహెచ్‌ఈఈఓ 2019లో తెచ్చిన వాన నీటి డ్రైనేజీ మాన్యువల్ కూడా పక్కన ఉంచుకోండి. అనుమతుల దగ్గర అడిగేది దాన్నే.

1. ఎవరిని కాపాడాలో ముందు గుర్తించండి

లేఅవుట్ గేటు దగ్గర ఆగిపోకండి. నాలా వెంట కిందికి నడవండి. ఇరుకు కల్వర్టు, నాలా పక్క ఇళ్లు, చెరువు కట్ట, ఏది ముందు మునుగుతుందో అదే మీ లెక్కకు గురి. ఎంత దూరం నడవాలి? అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక పద్ధతి ఉంది, మనకూ పనికొస్తుంది. మీ స్థలం విస్తీర్ణం మొత్తం పరీవాహక ప్రాంతంలో 10 శాతానికి తగ్గే చోటు దాకా చూడాలి. మీది 8 హెక్టార్లయితే, 80 హెక్టార్ల నీరు కలిసే చోటు వరకు అన్నమాట.

నడిచేటప్పుడే చుట్టుపక్కల వాళ్లను అడగండి. "ఎంత లోతు వచ్చింది?" అని అందరూ అడుగుతారు. మీరు "వాన మొదలైన ఎంతసేపటికి వచ్చింది? వాన ఆగాక వచ్చిందా, పడుతుండగానే వచ్చిందా?" అని అడగండి. అపార్ట్‌మెంట్ల సీసీటీవీ ఫుటేజీ దొరికితే అంతకు మించిన ఆధారం లేదు. నిమిషం నిమిషానికీ నీటి మట్టం ఎలా పెరిగిందో అందులో కనబడుతుంది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన వీడియోలో అసలు టైమ్ పోతుంది కాబట్టి, తీసిన వాళ్ల ఫోనులో ఉన్న ఒరిజినల్ అడగండి.

2. పరీవాహక ప్రాంతాన్ని ముక్కలు చేయండి

మీ లేఅవుట్ ఒక ముక్క. పై నుంచి వచ్చేది ఇంకోటి. మధ్యలో పెద్ద వాగు ఏదైనా కలిస్తే అది మూడోది. పైన చెరువు ఉంటే దాన్ని తప్పకుండా వేరే ముక్కగా పెట్టండి. మన గొలుసుకట్టు చెరువులు వరదను ఆపి ఆలస్యంగా వదులుతాయి. అయితే ఆ ఆలస్యం చెరువులో ఖాళీ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. జూన్‌లో సగం ఎండిన చెరువు మొత్తం వాననూ మింగేస్తుంది. సెప్టెంబరు చివరికి మత్తడి దుంకుతున్న చెరువు, వచ్చిన నీటిని కాస్త ఆలస్యం చేసి దాదాపు అంతా కిందికి వదులుతుంది. అందుకే డిజైన్‌కు చెరువు నిండి ఉందనే అనుకోవాలి. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది, నగరం మునిగిన మరో వాన 2020 అక్టోబరు 13న పడింది. రెండూ చెరువులు నిండే కాలంలోనివే.

3. ఒక్కో ముక్కకూ టైమ్ కట్టండి

ముక్కలో దూరపు మూల నుంచి నీటి చుక్క బయటి దారి దాకా రావడానికి పట్టే సమయం ఇది. కిర్‌పిచ్ సూత్రం సులువు:

సమయం (నిమిషాల్లో) = 0.0195 × పొడవు (మీటర్లలో, 0.77 ఘాతం) ÷ వాలు (0.385 ఘాతం)

వాలు అంటే ఎత్తు తేడాను పొడవుతో భాగిస్తే వచ్చేది. నాలాలో పారే నీటికి ఈ సంఖ్యనే వాడండి. గడ్డి నేల మీద పరుచుకొని పారితే రెండింతలు చేయండి. సిమెంటు డ్రైన్లున్న లేఅవుట్‌కు ఇంకో దారి ఉంది. కప్పు మీద, ఇంటి ఆవరణలో పడిన నీరు డ్రైన్‌లోకి రావడానికి 5 నిమిషాలు వేసుకొని, డ్రైన్ పొడవును నీటి వేగంతో భాగించి కలపండి.

తర్వాత ఒక ముక్క బయటి దారి నుంచి మీ గురి కల్వర్టు దాకా ప్రయాణ సమయం. దీన్ని కొలవొచ్చు. ఒక మోస్తరుగా వాన పడ్డ రోజు నాలా పక్కన 20 మీటర్లకు రెండు గుర్తులు పెట్టి, కొబ్బరి డొక్క వేసి ఎన్ని సెకన్లలో దాటుతుందో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీసి, దాన్ని 0.85తో గుణించండి, పై నీరు లోపలి నీటికన్నా వేగంగా పోతుంది కాబట్టి. పెద్ద వరదలో వేగం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే వచ్చిన ప్రయాణ సమయానికి నాలుగో వంతు తగ్గించి కూడా ఒకసారి లెక్క చూడండి.

జాగ్రత్త: నాలాలోకి దిగవద్దు. కట్ట మీద నుంచే, ఇద్దరుగా చేయండి. మోకాలి లోతు లేని నీరు కూడా మనిషిని లాగేస్తుంది, మూత లేని మ్యాన్‌హోల్ నీటి కింద కనబడదు.

4. ఒక్క వానతో సరిపెట్టకండి

కనీసం రెండు వానలు కావాలి. ఒకటి 20 నిమిషాలు దంచి కొట్టేది, ఇంకోటి రెండు గంటలు విడవకుండా కురిసేది. పొట్టి వానలో దగ్గరి నీరు వెళ్లిపోయాక దూరపు నీరు వస్తుంది. పొడుగు వానలో అన్ని ముక్కలూ ఒకేసారి పారతాయి. టైమ్ తేడా పొట్టి వానలోనే పనిచేస్తుంది.

5. ప్రవాహం లెక్క

ప్రవాహం (సెకనుకు ఘనపు మీటర్లు) = గుణకం × వాన తీవ్రత (గంటకు మి.మీ.) × విస్తీర్ణం (హెక్టార్లు) ÷ 360

గుణకం అంటే పడ్డ వానలో ఇంకకుండా పారిపోయే వంతు. బీడు పొలానికి ఇది సుమారు 0.35, ఇళ్లు రోడ్లు పడ్డాక 0.75 వేసుకోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక మాట గుర్తుంచుకోండి. పైన రాతి గుట్ట ఉంటే కట్టకముందు కూడా గుణకం ఎక్కువే. బండ మీద పడ్డ నీరు ఎక్కడికీ ఇంకదు. వచ్చిన సంఖ్యను 35.3తో గుణిస్తే క్యూసెక్కులు.

6. అన్నీ ఒకే కాగితం మీద పెట్టండి

అసలు పని ఇదే, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలివి, మీ అంకెలు వేరుగా ఉంటాయి.

లేఅవుట్ 8 హెక్టార్లు, కల్వర్టు పక్కనే ఉంది. పైన గుట్ట, పొలాలు కలిపి 60 హెక్టార్లు. ఆ ముక్క పొడవు 1,500 మీటర్లు, ఎత్తు తేడా 15 మీటర్లు, గుణకం 0.45. అక్కడి నుంచి కల్వర్టుకు నాలా వెంట 1.8 కిలోమీటర్లు, వేగం సెకనుకు 1 మీటరు. మధ్యలో చేరే చిన్న నీళ్లను ఈ ఉదాహరణలో వదిలేశాను. వాన 20 నిమిషాలు, గంటకు 80 మి.మీ. తీవ్రత.

టైమ్‌లు ఇలా వస్తాయి. పై ముక్కకు 32 నిమిషాలు, దాని మీద ప్రయాణం 30 నిమిషాలు. లేఅవుట్‌కు కట్టకముందు 23 నిమిషాలు (400 మీటర్ల పొడవు, నూటికి 1 వాలు, గడ్డి నేల కాబట్టి రెండింతలు), కట్టాక 11 నిమిషాలు. లేఅవుట్ పోటు కట్టకముందు సెకనుకు 0.54 ఘనపు మీటర్లు, కట్టాక 1.33. వాన 20 నిమిషాలే కాబట్టి, అంతకన్నా ఎక్కువ టైమ్ పట్టే ముక్కల్లో ఐదో స్టెప్పు సూత్రంతో వచ్చిన పోటును ఆ నిష్పత్తిలో తగ్గించాను (కట్టకముందు లేఅవుట్‌కు 20/23, పై ముక్కకు 20/32).

మామూలుగా అందరూ చేసే కుంట 0.54కు మించి వదలనిది. దానికి సుమారు 1,000 ఘనపు మీటర్ల చోటు కావాలి. ఇప్పుడు కల్వర్టు దగ్గర నిమిషాల వారీగా ఏం జరుగుతుందో చూడండి. వాన మొదలైనప్పటి నుంచి లెక్క, ప్రవాహం సెకనుకు ఘనపు మీటర్లలో:

10వ నిమిషం: పై నీరు 0. కుంట లేకపోతే లేఅవుట్ నీరు 1.21, కుంట ఉంటే 0.28.
20వ నిమిషం: పై నీరు 0. కుంట లేకపోతే 1.33, ఉంటే 0.48.
30వ నిమిషం: పై నీరు అప్పుడే మొదలు. కుంట లేకపోతే 0.12, ఉంటే 0.52.
40వ నిమిషం: పై నీరు 1.88. కుంట లేకపోతే 0, ఉంటే 0.44.
50వ నిమిషం: పై నీరు 3.75. కుంట లేకపోతే 0, ఉంటే 0.35.
60వ నిమిషం: పై నీరు 3.75. కుంట లేకపోతే 0, ఉంటే 0.27.
70వ నిమిషం: పై నీరు 2.25. కుంట లేకపోతే 0, ఉంటే 0.19.

50వ నిమిషం దగ్గర ఆగండి. లేఅవుట్ కట్టకముందు కల్వర్టు దగ్గర పోటు 3.75. లేఅవుట్ కట్టి కుంట తవ్వకపోయినా 3.75 మాత్రమే. కుంట తవ్వాక 4.10. గేటు దగ్గర కొలిస్తే నీటిని సగానికి పైగా తగ్గించిన కుంట, కల్వర్టు దగ్గర పోటును 9 శాతం పెంచింది. 31వ నిమిషానికే పూర్తిగా వెళ్లిపోవాల్సిన నీటిని పట్టుకొని, పై వరద వచ్చే వేళకు దానికి జత చేసింది.

కిరాణా కొట్టు పెద్దాయన చెప్పింది ఇదే.

7. మీ కుంటకు ఏ దారి సరిపోతుందో ఎంచుకోండి

మీరు పరీవాహక ప్రాంతం పై భాగంలో ఉంటే మామూలు కుంట చాలావరకు మేలే చేస్తుంది. మీ నీటిని కింది వాళ్ల పోటు దాటేదాకా ఆపుతారు. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన కూడా నగరానికి ఎగువనే నీటిని ఆపమని. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

కింది భాగంలో, కల్వర్టు పక్కన ఉంటే మూడు దారులున్నాయి.

మొదటిది, ఆపకుండా తొందరగా వదిలేయడం. ఉదాహరణలో ఇది పోటును పెంచలేదు. అయితే మీ గేటు నుంచి కల్వర్టు దాకా ఉన్న డ్రైన్ 1.33 మోయగలగాలి, కల్వర్టు కింది చెరువుకు ఆ నీరు పోయే దారి తెరిచి ఉండాలి. ఆఫీసులో దీన్ని ఒప్పించడం కష్టం, లెక్క కాగితం చేతిలో ఉండాలి. పెన్సిల్వేనియాలో 1978 నాటి వరదనీటి చట్టం కింద చేసిన ప్లాన్లలో పరీవాహక ప్రాంతంలోని ఒక్కో ముక్కకూ ఇంత శాతమే వదలాలని విడివిడిగా నిర్ణయించారు. దిగువన ఉన్న కొన్ని ముక్కలకు అసలు ఆపనక్కర్లేదని కూడా రాశారు. మన దగ్గరా ఇలా ముక్కలవారీగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ప్రతి లేఅవుట్‌కూ ఒకే రూలు పెడితే కింది బస్తీలకు న్యాయం జరగదు.

రెండోది, బాగా ఎక్కువసేపు ఆపడం. అదే లేఅవుట్‌లో 0.15కు మించి వదలకుండా చేస్తే 50వ నిమిషంలో కలిసేది 0.14 లోపే, మొత్తం 3.89. చోటు మాత్రం 1,400 ఘనపు మీటర్లు కావాలి. 1.5 మీటర్ల లోతుకు, గోడలు నిట్టనిలువుగా ఉన్నా 930 చదరపు మీటర్లు, దాదాపు 1,100 గజాలు. ఖాళీ కావడానికి ఐదు గంటల పైనే పడుతుంది.

మూడోది, అసలు నీటినే తగ్గించడం. ఇంకుడు గుంతలు, కప్పు నీటికి సంపు, పార్కును రోడ్డు కన్నా ఒక అడుగు పల్లంగా ఉంచడం. తగ్గిన నీరు ఏ టైమ్‌లోనూ ఎవరితోనూ కలవదు, అందుకే నాకు ఇష్టమైన దారి ఇది. నేల ఒప్పుకోవాలి మరి. ఎర్ర చలక అయితే ఇంకుతుంది, నల్లరేగడి తడిశాక ఇంకదు, అడుగున బండ ఉంటే గుంత తొట్టిలా నిలుస్తుంది. తవ్వే ముందు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి, ఒకసారి నీళ్లు పోసి ఇంకనిచ్చి, రెండోసారి పోసి గంటకు ఎంత దిగిందో కొలవండి. మొదటి పోతకే కొలిస్తే మోసపోతారు.

చాలా చోట్ల మూడోదీ రెండోదీ కలిపి వాడాల్సి వస్తుంది.

8. తూము, అలుగు

కుంట ఎప్పుడు ఎంత వదలాలో నిర్ణయించేది తూము పైపే. రంధ్రం వైశాల్యం = ప్రవాహం ÷ (0.6 × సెకనుకు మీటర్లలో నీటి వేగం). 1.5 మీటర్ల నీటి ఒత్తిడికి ఆ వేగం సుమారు 5.4. మన 0.15కు ఇది 240 మి.మీ. వ్యాసం వస్తుంది, 0.54కు 460 మి.మీ. మార్కెట్‌లో 240 దొరకదని 300 పైపు వేసేస్తారు. అప్పుడు ప్రవాహం ఒకటిన్నర రెట్లవుతుంది, మీరు వేసిన టైమ్ లెక్క పోతుంది. పెద్ద పైపు వేసినా, మూతికి సరైన రంధ్రం కోసిన స్టీలు ప్లేటు బిగించండి.

అలుగు తప్పనిసరి. తూము పూర్తిగా మూసుకుపోయినా మొత్తం 1.33 సురక్షితంగా దుంకేలా ఉండాలి. 30 సెం.మీ. నీటి మందానికి సుమారు 5 మీటర్ల వెడల్పు చాలు. కట్ట అంతకన్నా కనీసం ఒక అడుగు పైన ఉండాలి. అలుగు దుంకిన నీరు ఎవరి ఇంట్లోకి పోతుందో కూడా చూడండి.

పిల్లలున్న కాలనీ అయితే గట్టు వాలును నిట్టనిలువుగా కాకుండా ఒకటికి మూడు, వీలైతే నాలుగు చేయండి. కంచె వేయండి. చోటు ఎక్కువ పోతుంది, అయినా ఈ విషయంలో రాజీ పడొద్దు.

అనుమతుల మాట: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్ జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతలోపు దానికి 2 మీటర్లు. మీ కుంటను చెరువు శిఖంలో (చెరువు నిండితే మునిగే నేలలో) చూపించి చోటు మిగుల్చుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చెరువు నిండిన రోజు మీ కుంట ముందే నిండి ఉంటుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

గేటు దగ్గరి లెక్కతో ఆగిపోవడం అన్నిటికన్నా పెద్దది. దాని గురించి ఇప్పటిదాకా చెప్పాను.

కుంటలో ఎప్పుడూ నీళ్లుంచడం రెండోది. అందంగా ఉంటుందని ఫౌంటెన్ పెట్టి, బాతులు వదిలి, వాన వచ్చేసరికి ఖాళీ లేకుండా చేస్తారు. అందానికి నీళ్లు కావాలంటే తూము మట్టానికి కింద వేరే లోతు తవ్వుకోండి. వరదకు లెక్కేసిన చోటు ఖాళీగానే ఉండాలి.

పొట్టి వానకు చేసిన కుంటను పొడుగు వానకు చూడకపోవడం. మన ఉదాహరణలో గంటకు 35 మి.మీ. చొప్పున రెండు గంటల వాన పడితే లేఅవుట్ నుంచి 4,200 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. 1,400 కుంట సుమారు 50 నిమిషాలకే నిండి అలుగు దుంకుతుంది, అక్కడి నుంచి కుంట లేనట్టే. ఆ వానలో కల్వర్టు దగ్గర మొత్తం 3.2 మాత్రమే కాబట్టి ఈ ఉదాహరణలో బతికిపోయాం. మీ నాలాలో అలా ఉంటుందని అనుకోవద్దు, లెక్క వేయండి.

కింది నీటి మట్టం మరిచిపోవడం. నాలా నిండుగా ఉన్నప్పుడు మీ పైపు మూతి నీటిలో మునిగి, బయటికి పోవాల్సిన నీరు లోపలికి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచిన విజయవాడను తలుచుకోండి. వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు వరదను మళ్లించే కాలువ కృష్ణలో కలుస్తుంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. వాగు, నది రెండింటి పోట్లూ ఒకే వేళకు వచ్చాయి. చిన్న లేఅవుట్‌లో కూడా ఇదే సమస్య చిన్న రూపంలో ఉంటుంది. పైపు చివర ఒకవైపే తెరుచుకునే మూత పెట్టండి, అది మూసుకుపోయినంతసేపు వచ్చే నీటికి కుంటలో అదనపు చోటు చూపండి.

తూము ముందు చెత్తను ఆపే ఇనుప జాలి పెట్టకపోవడం కూడా తరచూ చూస్తాను. 240 మి.మీ. రంధ్రానికి ఒక్క సిమెంటు సంచి అడ్డం పడితే చాలు. జాలిని రంధ్రానికి ఆనించి కాకుండా ఒక మీటరు ముందు, ఏటవాలుగా పెట్టండి. చెత్త పైకి జరుగుతుంది, కింది నుంచి నీరు పోతూ ఉంటుంది.

సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

కుంట గోడకు 10 సెం.మీ.కు ఒక గీత చొప్పున పెయింటుతో కొలబద్ద వేయించండి. వాచ్‌మన్‌కు ఫోనులో ప్రతి పావుగంటకూ ఒక ఫోటో తీయమని చెప్పండి. మంచి వాన పడి, ఆగాక, మట్టం ఎంత టైమ్‌లో దిగుతోందో చూడండి. మన 0.15 కుంటకు నిండు నుంచి సగం లోతుకు దిగడానికి గంటన్నర, మిగతా సగానికి ఇంకో మూడు గంటల 40 నిమిషాలు పట్టాలి (గోడలు నిలువుగా ఉంటే). మొదటి సగమే మూడు గంటలు పడితే జాలి మూసుకుపోయింది, లేదా కింది నాలా ఎదురు తంతోంది. 40 నిమిషాల్లో దిగితే ఎవరో పెద్ద పైపు వేశారు. ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లో కుంట ఖాళీ కావాలి. మన దగ్గర సాయంత్రపు వానలు వరసగా రెండు మూడు రోజులు పడతాయి, నిన్నటి నీరు ఉంటే ఇవాళ్టి నీటికి చోటు ఉండదు. దోమల బెడద కూడా తప్పుతుంది.

గేటు లోపలి పరీక్ష ఇది. అసలు పరీక్ష కల్వర్టు దగ్గర ఉంది. కల్వర్టు గోడ మీద ఎవరికీ అందని చోట అదే కొలబద్ద వేయించండి, ఎదురుగా సీసీటీవీ ఉన్న షాపు వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. ఒక సీజన్‌లో మూడు నాలుగు వానలకు రెండు టైమ్‌లు రాసుకోండి: కుంటలో మట్టం ఎప్పుడు గరిష్ఠానికి చేరింది, కల్వర్టు దగ్గర ఎప్పుడు చేరింది. రెండూ 15 నిమిషాల తేడాలోపు వస్తుంటే మీ కుంట పై వరదతో కలుస్తోందని గట్టిగా అనుమానించాలి. తేడా ఎక్కువున్నా, కల్వర్టు పోటు వేళకు మీ తూము నుంచి ఎంత పారుతోందో కొలబద్ద చూసి లెక్కగట్టండి. ఆ సంఖ్య కల్వర్టు మొత్తంలో 5 శాతం దాటితే నేనైతే తూము రంధ్రం చిన్నది చేస్తాను. చిన్నది చేశాక అలుగు ఎన్నిసార్లు దుంకుతోందో మళ్లీ ఒక సీజన్ చూస్తాను.

పైన కొత్త లేఅవుట్ వచ్చినా, నాలాకు సిమెంటు లైనింగ్ వేసినా, పై చెరువు అలుగు ఎత్తు మార్చినా మూడో స్టెప్పు నుంచి మళ్లీ చేయాలి. లైనింగ్ వేస్తే నీటి వేగం పెరుగుతుంది. మన ఉదాహరణలో వేగం రెట్టింపైతే పై నీరు 30వ నిమిషానికి బదులు 15వ నిమిషానికే కల్వర్టుకు వస్తుంది. అప్పుడు కుంట లేని లేఅవుట్ నీరు కూడా దానితో కొంత కలుస్తుంది. నిన్నటిదాకా "తొందరగా వదిలేయండి" అన్న సలహా ఇంకా చెల్లుతుందో లేదో మళ్లీ లెక్క వేసి చూడాలి.

మీ లెక్క నాకు చూపించాలనుకునేవాళ్లు కాంటూర్ మ్యాప్, నాలా పొడవులు, కల్వర్టు లోపలి కొలత, ఆరో స్టెప్పులోలాగా 10 నిమిషాలకొకటి చొప్పున వేసిన అంకెలు సిద్ధం చేసుకోండి. ఉత్త కుంట సైజు పంపితే చెప్పడానికేమీ ఉండదు.